అతుకు బాకీ

శేషన్నది సోమరితనమా, కాదా అన్న అనుమానం మహానందిని పన్నెండేళ్లుగా వదల్లేదు. పనులు మానుకుని ఆలోచించేంత పెద్ద అనుమానం కాదది. మగ్గం మీద పోగు తిప్పే నాడె విసురుతున్నప్పుడో, సోమవారం నీలకంఠేశ్వరుని గుడి చుట్టూ తిరుగుతున్నప్పుడో కంట్లో నలకలాగా మెదిలి, కాసేపు ఇబ్బంది పెట్టి పోయేది.

అప్పట్లో ఇద్దరివీ ఎమ్మిగనూరులో గోడకు గోడ ఆనిన ఇళ్లు. వరసకు శేషన్న బావ. ఇద్దరివీ గుంత మగ్గాలే. ఒక పొద్దున శేషన్న గుంతలోనుంచి లేచి వచ్చి, పంచలో గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. మధ్యాహ్నమైనా లేవలేదు. మరునాడూ లేవలేదు. జ్వరం లేదు, దెబ్బ లేదు. ఏమైందని అడిగితే "చేతకాలేదప్పా" అనేవాడు, అంతే. నెల దాటేసరికి వీధిలో తలా ఒక మాట లేచింది. గాలి సోకిందని కొందరు, ఎవరో ఏదో చేయించారని కొందరు. ఎక్కువమంది మాత్రం ఒళ్లు వంగక అన్నారు. మహానంది ఆ ఎక్కువమందిలో ఒకడు.

అనుకుని ఊరుకున్నా బాగుండేది. ఒకరోజు పంచ ముందు నిలబడి, నలుగురూ వినేట్టు అన్నాడు.

"ఏం బావా, అన్నం ముద్ద నోటికాడికి లేస్తాది గానీ, చెయ్యి నాడెకాడికి లేయదా?"

నలుగురూ నవ్వారు. శేషన్న తలెత్తి చూశాడు. కోపం తెచ్చుకోలేదు. ఆ మాట నిజమో కాదో తనకూ తెలియనట్టు చూశాడు. ఆ చూపే మహానంది కంట్లో నలకైంది.

ఇంకొకటి కూడా ఉంది. అప్పటికి మహానంది అతనికి ఒక రోజు అతుకు బాకీ.

పడుగు, అంటే మగ్గానికి నిలువుగా ఎక్కించిన పోగులు, అయిపోవచ్చినప్పుడు నేతగాళ్లు దాన్ని మొత్తం కోసేయరు. మూరెడు తోక మగ్గం మీదే వదిలి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా ఆ తోక పోగులకు మెలిపెట్టి అతుకుతారు. వేళ్లకు బూడిద అద్దుకుంటూ, మూడు వేల పైచిలుకు పోగులు. ఒక్కడికైతే రెండు రోజులు, ఇద్దరు కూర్చుంటే ఒక్కరోజు. దానికి కూలి లేదు. నువ్వు నాకు ఒక రోజు అతికితే నేను నీకు ఒక రోజు అతుకుతాను. ఎవరి మగ్గమైతే వాళ్లింట్లో ఆ పొద్దు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ఈ బాకీని ఎవరూ ఎక్కడా రాయరు. ఎవరూ మరిచిపోరు కూడా.

శేషన్న గోడకు ఆనుకోవడానికి సరిగ్గా వారం ముందు వచ్చి మహానందికి అతికి పోయాడు. తర్వాత వంతు మహానందిది. నేసేవాడే లేనప్పుడు ఇంక అతికేదేముందని మహానంది పోలేదు. కొన్నాళ్లకు శేషన్న చెల్లెలు వచ్చి అతన్నీ, భార్య గౌరినీ ఆదోనికి తీసుకుపోయింది. ఆ ఇంట్లోకి వేరేవాళ్లు వచ్చారు. అంతటితో అయిపోయిందనుకున్నాడు మహానంది.

*

పోయిన ఎండాకాలంలో అతనికి మొదలైంది. ఎలా మొదలైందంటే చెప్పలేడు. అప్పులు లేవు. కొడుకు హరికృష్ణ బట్టలంగట్లో కుదురుగా ఉన్నాడు. కోడలు ఉష మంచి పిల్ల. కష్టమంటూ ఒకటి కనిపిస్తే దాని మీదికి నెట్టేయొచ్చు. ఎంత వెతికినా కనిపించలేదు.

ఒక పొద్దున నేస్తూ ఉండగా పోగు తెగిందేమోననిపించింది. ఆగి చూశాడు. తెగలేదు. నాలుగు సార్లు నాడె విసిరాడు. మళ్లీ అనిపించింది. మళ్లీ ఆగి, ఈసారి వేలితో ఒక్కొక్క పోగూ తడుముకుంటూ ఆ అంచు నుంచి ఈ అంచుకు పోయాడు. అన్నీ ఉన్నాయి. ఉన్నాయని కన్ను చెప్తోంది, వేలు చెప్తోంది. గుండె మాత్రం నమ్మడం లేదు. ఎవరో తరుముతున్నట్టు కొట్టుకుంటోంది.

నెల తిరిగేసరికి తడుముడే పనైంది. ఆరు రోజుల చీర ఇరవై రోజులు పట్టింది. వేరే ఏ పని చేసేవాళ్ల ఇంట్లోనైనా ఇది జబ్బేమోనని ఎవరికో ఒకరికి తోచేదేమో. నేతగాళ్ల ఇంట్లో పోగు పోగూ చూసుకునేవాణ్ణి పనిమంతుడంటారు. పడుగు ఇచ్చే సావుకారు చీర విప్పి, వెలుతురుకు పట్టి, పదిమంది ముందు మెచ్చుకున్నాడు.

"ఒక్క తప్పు సూపీండి సూద్దాం! నేస్తే ఇట్లా నేయల్ల. ఆలస్యమైతే ఏమాయ?"

భార్య సరస్వతమ్మ ఆ మాట విని మురిసిపోయింది. మహానంది కూడా మురవాలని చూశాడు. ఇంటికి వచ్చేదారిలో ఆ చీరలో ఎక్కడో పోగు తెగి ఉంటుందనీ, సావుకారు కంట పడలేదనీ అనిపించి, దారి పక్క అరుగు మీద కూర్చుండిపోయాడు.

తర్వాత తిండి పోయింది. నిద్ర పోయింది. తెల్లారితే చాలు, లేవడానికి భయం. గుండె పరీక్ష చేయించారు. తీగలు అంటించి, కాగితం తీసి, గుండె రాయిలాగా ఉందని చెప్పి పంపారు. సరస్వతమ్మ ఆ కాగితాన్ని దేవుడి పటం ముందు పెట్టి దండం పెట్టింది. మహానందికి దాంతో అయోమయం ఇంకా ఎక్కువైంది. గుండె బాగుంటే మరి లోపల కొట్టుకుంటున్నది ఏమిటి?

ఉరుకుంద ఈరన్న స్వామికి మూడు వారాలు పోయి వచ్చాడు. స్వామి ముందు నిలబడితే ఏడుపు వచ్చేది. ఏడిస్తే కొంచెం తేలికయ్యేది. బస్సు దిగేసరికి మళ్లీ మామూలే. నలభై ఏళ్లు నమ్మిన దేవుడు చేయి వదిలాడా, లేక తన నమ్మకంలోనే ఎక్కడో పోగు తెగిందా? ఆ పోగును ఏ వేలితో తడమాలో తెలియలేదు.

కనిపెట్టింది ఉష. నేసేసి మడతపెట్టి, సావుకారుకు పంపడానికి సిద్ధంగా ఉంచిన చీరను మహానంది విప్పి, ఒడిలో వేసుకుని, అంచు నుంచి వేలితో లెక్కపెట్టుకుంటూ పోవడం చూసింది. చూసి, కండెలు చుట్టే రాట్నం ఆపేసింది.

"అత్తా, ఇట్ల రా ఒకసారి. నేసిన చీరలో పోగులు ఎంచుతాండాడు మామ."

"ఎంచనీలే. జాగర్త మనిషి."

"జాగర్త కాదత్తా. అయిపోయిన గుడ్డలో ఇంగ తెగేదానికి ఏముండాది?"

మహానంది చేతులు చీర మీదే ఆగిపోయాయి. తను చేస్తున్నది తనకే అప్పుడు కనిపించింది.

"ఆస్పరిలో మా పిన్నికి కాన్పైనంక ఇట్లే ఐండె మామా," అంది ఉష మెల్లగా. "బిడ్డ ఊపిరి పీలుస్తాండాదా లేదా అని నిమిషానికొకసారి ముక్కుకాడ వేలు పెడతాండె. ఆదోనిలో ఒకామె ఉండాది, మనసు డాక్టరు. ఆయమ్మే నయం చేసింది. పోయొద్దాం."

"పిచ్చి డాక్టరు కాడికా?" అన్నాడు మహానంది.

"పిచ్చోళ్లయితే పొమ్మన్నా పోరు మామా. నువ్వు పోతావు."

*

వీధిలో మోకాళ్ల నొప్పులని చెప్పి బస్సెక్కారు. డాక్టరమ్మ పేరు అర్చన. తన కోడలికంటే నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది. ఈ పిల్లకు ఏం చెప్పాలి అనుకున్నాడు. ఆమె అడుగుతూ పోయింది, ఇతను చెబుతూ పోయాడు. చివరికి ఆమె కాగితం మీద నుంచి తల ఎత్తింది.

"పెద్దాయనా, ఒకటి అడుగుతాను. దాచొద్దు. చచ్చిపోవాలనిపిస్తాందా?"

సరస్వతమ్మ అదిరిపడి భర్త చేయి పట్టుకుంది. మహానందికి మాత్రం, ఎన్నాళ్లుగానో తను మోస్తున్న మూటను ఎవరో దించమన్నట్టు అనిపించింది.

"సావల్లనేం ల్యాదమ్మా. పండుకున్నోన్ని పండుకున్నట్టే ఉంటే, లేయకపోతే, మేలనిపిస్తాది."

"అట్లా ఎక్కువగా అనిపిస్తే, ఇంట్లో వెంటనే చెప్పల్ల. నాకు ఫోన్ చేయల్ల. సరేనా?"

"సరేమ్మా. దీన్నేమంటారు?"

"మీరేమంటారు?"

మహానంది ఆలోచించాడు. "బేజారు. దాంతోపాటు గాబరా."

"అంతే. మేం పెట్టిన పేర్లు వేరే. వస్తువు అదే. ఇది జబ్బు. షుగరు, బీపీ మాదిరి. నువ్వు చేసిన తప్పేం లేదు దీంట్లో."

"మరి యాటికి వచ్చినట్టు?"

"అది నాకూ ఖాయంగా తెలీదు. కొందరికి కారణం ఉంటాది, కొందరికి ఉండదు. మాత్రలు రాస్తాను. రెండు మూడు వారాలకు గానీ గుణం కనపడదు. మొదట్లో కడుపులో తిప్పుతాది. ఆపొద్దు. ఇంకొకటి. పోగు చూడాలనిపిస్తే పదిసార్లు చూసేచోట తొమ్మిదిసార్లు చూడు. మర్నాడు ఎనిమిది."

ఇది మందా, లెక్కా అని దారి పొడవునా మహానంది తికమకపడ్డాడు.

ఆరు రోజులు మింగాడు. కడుపులో తిప్పింది. గుండె దడ ఇంకొంచెం పెరిగినట్టే ఉంది. ఏడో రోజు సోమవారం. విభూది పెట్టుకుని, చేతిలో మాత్ర పట్టుకుని పటం ముందు నిలబడ్డాడు. స్వామీ, నిన్ను నమ్మినవాడికి ఇది దేనికి? ఇది మింగితే నువ్వు చాలవని నేను చెప్పినట్టు కాదా? మహానంది మాత్రను పటం వెనక పెట్టేశాడు. మర్నాడూ అంతే. వారానికి పటం వెనక ఏడు మాత్రలు చేరాయి.

పటం తుడుస్తూ సరస్వతమ్మ వాటిని చూసింది. కేకలు వేయలేదు. ఏడు మాత్రలూ అరచేతిలో పోసుకొచ్చి అతని ముందు కూర్చుంది.

"నీ మాత్రలు ఆయప్పకు పెట్టినావే. ఆయప్పకు గాబరా అని సెప్పినాడా?"

మహానందికి నవ్వు రాలేదు. ఆమె కళ్లల్లో నీళ్లు చూసి, "భయమైతాంది సరస్వతీ," అన్నాడు. పెళ్లైన ముప్పై ఏళ్లలో ఆమెతో ఆ మాట అనడం అదే మొదలు.

"నాకూ భయమే," అంది ఆమె. "ఎల్లుండి డాక్టరమ్మ రమ్మన్న దినం. పోదాం, పా."

*

ఆదోనిలో డాక్టరమ్మ గది బయట పొడవాటి బెంచీ. ఒక చివర ఎవరో చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని వేరుశనక్కాయలు ఒలుచుకు తింటున్నారు. మహానంది తల దించుకుని రెండో చివర కూర్చోబోయాడు.

"ఏం మహానందీ, మోకాళ్ల నొప్పులా?"

తల ఎత్తితే శేషన్న. జుట్టు నెరిసింది. కొంచెం లావెక్కాడు.

"బావా, నువ్వు ఈడ..."

"నేనూ మోకాళ్ల నొప్పులకే వస్తాండా, పదకొండేండ్లనుంచి, ఈయమ్మకు ముందుండిన డాక్టరు కాలంనుంచి. ఈ బెంచీ మీద కుచ్చునేటోళ్లందరికీ మోకాళ్ల నొప్పులే." శనక్కాయలు సగం పంచి ఇచ్చాడు. "సరస్వతమ్మా, బాగుండావా? తిను."

"గౌరి ఎట్లుండాది అన్నా?" అంది సరస్వతమ్మ.

"నన్ను తిట్టేంత బలంగా ఉండాది."

మహానంది చేతిలో శనక్కాయలు అలాగే ఉండిపోయాయి. అడగాలా వద్దా అని కాసేపు నలిగాడు. పన్నెండేళ్ల నలక.

"బావా, అప్పుడు నువ్వు... నీది సోమరితనం కాదా మరి?"

"ఏమయ్యా, అదేం మాట!" అంది సరస్వతమ్మ.

శేషన్న చేత్తో ఆమెను ఆపాడు. "అడగనీమ్మా. అప్పుడు నాకూ తెలీదురా. మీరందరూ అదే అంటాంటిరి గదా, నిజమే అనుకుంటి. లేయల్లని సూస్తే కాళ్లు నావి కానట్టు ఉండేవి. ఇంగ సోమరితనం కాకపోతే ఏందని నన్ను నేనే తిట్టుకుంటాంటి. మీరు పగలు తిడితిరి. నేను ఇరవై నాలుగ్గంటలూ తిట్టుకుంటి."

"నేను అన్న మాట..."

"అన్నం ముద్ద మాటనా? ఆ పొద్దు నేను మూడు దినాలకు ఒక ముద్ద తిన్యా. అదీ గౌరి ఏడ్సబట్టి. నువ్వు సరిగ్గా ఆ ముద్దప్పుడే వస్తివి." శేషన్న ఒక శనక్కాయ చిట్లించాడు. "దాని తర్వాత ఇంగో రెండు దినాలు తినల్యా."

చెప్పినవాడు మామూలుగానే చెప్పాడు. విన్నవాడికి బెంచీ కింద నేల కదిలినట్టైంది. చేతులు జోడించబోయాడు. శేషన్న ఆ చేతులను పట్టుకుని కిందికి దించాడు.

"దండాలు నాకేం పనికొస్తాయి? నువ్వు నాకు ఒక దినం అతుకు బాకీ. అది ఇయ్యి."

"మగ్గం ఉండాదా నీకు?"

"పాత మగ్గం చెక్కలు అటక మీద ఉండె. పన్నెలో తోక అట్లనే గుడ్డలో చుట్టి పెట్టింది గౌరి. అటకెక్కినప్పుడల్లా దుమ్ము దులిపి, మళ్లీ చుట్టి పెడతాది. పదకొండేండ్లు మార్కెట్లో పత్తి తూకం పని చేస్తి. ఇప్పుడు బస్తాలకాడ నిలబడలేను. మళ్లీ గుంతలో దిగుదామని. గురువారం పడుగు వస్తాది."

మహానంది తన వేళ్ల వైపు చూసుకున్నాడు. "ఒక్క పోగును పదిసార్లు తడుముతాయి బావా ఇవి. నీ పడుగు పాడైతాది. నాతో కాదు."

"మాత్రలు మింగుతాండావా?"

సరస్వతమ్మ చెప్పేసింది. "దేవునికి మింగిస్తాండాడన్నా."

శేషన్న పడిపడి నవ్వాడు. బెంచీ మీద ఇంకో ఇద్దరు కూడా నవ్వారు. మహానందికి సిగ్గేసింది. కానీ పన్నెండేళ్ల కిందట పంచ ముందు తను నవ్వించిన నవ్వులాంటిది కాదిది. తనను కూడా కలుపుకున్న నవ్వు.

"నేను ఈరన్న స్వామికి పోవడం మానలేదు, మాత్ర మానలేదు," అన్నాడు శేషన్న. "ఏది పనిచేసిందో నాకు తెలీదు. తెలుసుకోవల్లని ఒకటి ఆపి సూసేంత ధైర్యం ల్యా. పడుగును అట్లనే పెడతా. నెలపొద్దు ఆగుతా. పన్నెండేండ్లు ఆగినోనికి నెల లెక్కనా?"

*

ఆ నెల సాఫీగా గడవలేదు. డాక్టరమ్మ కోప్పడకుండా మాత్రలు మళ్లీ మొదలుపెట్టించింది. కడుపులో మళ్లీ తిప్పింది. మహానంది ఇప్పుడు మాత్రను ముందు పటానికి చూపించి, తర్వాత నోట్లో వేసుకునేవాడు. స్వామికి తెలియకుండా చేసినట్టు ఉండకూడదు గదా. ఒక రోజు తడుముడు ఎనిమిదికి దిగేది, మర్నాడు పన్నెండుకు పోయేది. మూడో వారంలో ఒక పొద్దున లేచి మొహం కడుక్కుంటూ ఆకలేస్తోందని గమనించాడు. ఆకలేనా ఇది అని కాసేపు నమ్మలేదు. ఆ సాయంత్రమే మళ్లీ దిగులు ముసురుకుంది. నయమవుతోందో, నయమైనట్టు మోసం చేస్తోందో అంతుపట్టలేదు. ఉష మాత్రం గోడ మీద బొగ్గుతో గీతలు గీసి పెట్టేది, తిన్న రోజుకు ఒకటి. గీతలు నెమ్మదిగా పెరిగాయి.

నెల నిండిన గురువారం పొద్దున్నే మహానంది, సరస్వతమ్మ ఆదోని బస్సెక్కారు. ఈసారి వీధిలో ఎవరో యాడికని అడిగితే, "అతుకు బాకీకి" అన్నాడు.

శేషన్న ఇంట్లో చిన్న గదిలోనే గుంత తవ్వి ఉంది. పన్నెండేళ్ల నాటి తోక కొంచెం రంగు మారి, దువ్వెనలాంటి పన్నెలోనుంచి వేలాడుతోంది. గౌరి తట్టలో బూడిద తెచ్చి పెట్టింది. ఇద్దరూ రెండు అంచుల నుంచి మొదలుపెట్టారు.

మొదటి పోగుకే మహానందికి చెమట పట్టింది. మెలిపెట్టాడు. లాగి చూశాడు. మళ్లీ లాగాడు. మళ్లీ. అవతల శేషన్న వందో పోగులో ఉంటే ఇతను ఇరవైలో ఉన్నాడు.

"బావా, నా వల్ల..."

"గౌరీ, ఒక తడిగుడ్డ తే," అన్నాడు శేషన్న. గుడ్డ రాగానే మహానంది అతికిన పోగుల మీద కప్పేశాడు. "పది అతకడం, గుడ్డ జరపడం. కప్పింది మాత్రం ఎత్తొద్దు."

"తెగితే?"

"తెగితే ముడేస్తాం. మనం చేసే పనే అది గదా?"

మహానంది పది అతికాడు, గుడ్డ జరిపాడు. గుడ్డ కింద పోగులు తెగి పడి ఉన్నట్టు గుండె కొట్టుకుంది. కొట్టుకోనిచ్చాడు. ఎత్తకూడదనుకుంటూనే రెండుసార్లు గుడ్డ ఎత్తి చూశాడు. శేషన్న చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. మధ్యాహ్నానికి మూడోసారి చెయ్యి గుడ్డ దాకా పోయి, వెనక్కి వచ్చి బూడిదలో వేళ్లు ముంచుకుంది. వంటగదిలో గౌరి, సరస్వతమ్మ ఏదో మాటకు నవ్వుకుంటున్నారు. బజ్జీల వాసన వచ్చింది. ఆకలేసింది. ఆకలేనని ఈసారి వెంటనే నమ్మాడు.

సాయంత్రం నాలుగైంది. రెండు వైపుల నుంచి వచ్చిన చేతులు నడుమ కలుసుకున్నాయి. ఆఖరు పోగు శేషన్న వదిలేస్తే మహానంది అతికాడు. గుడ్డ తీసి, ఇద్దరూ చెరొక పక్కన పట్టుకుని పడుగును మెల్లగా ముందుకు లాగారు. అతుకులన్నీ పన్నె పళ్ల సందుల గుండా దాటాలి.

నాలుగు తెగాయి. మూడు శేషన్న వైపువి, ఒకటి మహానంది వైపుది.

తన పోగు కళ్ల ముందే తెగి వేలాడుతుంటే మహానంది దానివైపు చూస్తూ కూర్చున్నాడు. ఎండాకాలం నుంచి భయపడింది దీనికే. ఇంతేనా అది, ఇంకా ఏమైనా ఉందా? తెలియలేదు. వేళ్లు బూడిదలో అద్దుకున్నాడు. తెగిన రెండు కొసలూ కలిపి ముడేసి, చెయ్యి తీసేశాడు.

శేషన్న తన మూడూ ముడేసుకుని నడుము విరుచుకున్నాడు.

"సరిపాయ. ఇంగ నువ్వు నాకు బాకీ ల్యాదు. లెయ్, ఉగ్గాని సల్లగైతాది."